పదకొండు అంగుళాలు

డాబాగార్డెన్స్‌లో మూడో అంతస్తు.
లిఫ్టు పాడైంది, మెట్లనిండా అట్టపెట్టెలు.
కొంగు ముడిలో పంతొమ్మిది వేలు,
అందులో నాలుగు వేలు నావి కావు,
చీటీ పాడుకున్న ఎర్నమ్మవి.

కుర్రాడి పేరు చక్రధర్, జేబు మీద కుట్టి ఉంది.
"ఏ పనికి మేడం, గేములకా, సినిమాలకా?"
ఐసు పద్దుకి, అన్నాను.
డీజిలు పద్దుకి. వలల బాకీకి.
ఫిషింగ్ హార్బర్‌లో ఏడు బోట్ల లెక్క రాస్తాను,
తెల్లారగట్ల మూడింటి నుంచి
వేలంపాట సద్దుమణిగే దాకా.

ముందు పెద్దది తెరిచాడు.
పదిహేనున్నర అంగుళాలు,
పెళ్ళిలో వేసిన విస్తరంత ఉంది.
దీన్నెక్కడ పెట్టుకోను నాయనా,
నా బల్ల తిరగేసిన ఐసుపెట్టె,
అందులో సగం కాటాది.

అప్పుడు అడుగు అరలోంచి ఒకటి తీశాడు.
పదకొండు అంగుళాలు. ఎవరో వాడి వదిలేసింది,
మూత మీద గోటిగీత.
అరచేతిలో ఎత్తి చూసి
కేజీ నూటయాభై, అన్నాను.
అడుగున అంటించిన చీటీ చదివి
నా మొహంలోకి చూశాడు: "నూట అరవై."
పది గ్రాముల తేడాకి
మా రేవులో ఎవరూ గొడవపడరు.

అతను ర్యామ్ గురించి చెప్పాడు,
నాలుగున్నా నడుస్తుంది, ఎనిమిదైతే పరుగే అన్నాడు.
వింటూనే నా ప్రశ్నలు నేనడిగాను.
"ఛార్జింగు ఎంతసేపు ఆగుతాది?"
"కంపెనీ లెక్క తొమ్మిది గంటలు."
కంపెనీ లెక్క సరే బాబూ,
ఐసు కరిగాక మిగిలే తూకం చెప్పు.
నవ్వాడు. "ఆరు."
ఆరు చాలు. మూడింటికి తెరిస్తే తొమ్మిదికి మూసేస్తాను.

లోపల ఫ్యాను?
ఫ్యానే లేదట.
అయితే చేప పొలుసు లోపలికి పోదన్నమాట.
అతనికి ఆ మాట ఎవరూ చెప్పినట్టు లేదు,
బిల్లుపుస్తకం వెనక రాసుకున్నాడు.

"ఎండలో అగుపడతాదా?"
ఇది నోటితో తేలేది కాదు.
దాన్ని పట్టుకుని మెట్లు దిగాను,
వెనకే అతను, దొంగని తరిమినట్టు.
ఒంటిగంట ఎండ. జగదాంబ వైపు వెళ్తున్న బస్సు
కిటికీల్లోంచి నలుగురు చూశారు.
తెర మీద మొదట నా మొహమే కనిపించింది.
కొంచెం వంచాను,
నేను పోయి అంకెలొచ్చాయి.

అంకెలకి విడిగా మీటలు లేవు దీనికి,
పై వరసలోనే ఒకటి నుంచి సున్నా దాకా.
తొమ్మిదేళ్ళుగా క్యాలిక్యులేటర్ వంక చూడకుండా
కొట్టిన వేళ్ళు నావి. అదొక్కటే లోటు.
అక్కడ నిలబడి, లేని మీటల మీద
గాల్లో వేళ్ళాడించాను కాసేపు.

"ఉప్పుగాలికి బందులు తుప్పు పడితే?"
"అది వారంటీలోకి రాదు మేడం."
విశాఖపట్నంలో ఉప్పుగాలి లేని ఇల్లొకటి చూపించు,
అక్కడే పెట్టుకుంటాను.
పద్దెనిమిది అన్నది పదహారున్నరకి తెగింది.

ఇదంతా ఎందుకంటే,
పోయిన కార్తీకంలో మూడు రోజుల ముసురుకి
పద్దుపుస్తకం నానిపోయింది.
సరంగు ఎల్లాజీ బాకీ
నీలంగా కారి కింది పేరులో కలిసిపోయింది.
ఎంతమ్మా, అన్నాడు.
గుర్తున్నంత చెప్పాను.
అతను నమ్మాడు.
ఆ అంకెని నేనే ఇంకా నమ్మలేదు.

రాత్రి మంచం మీద కాళ్ళు ముడుచుకుని తెరిచాను.
ఒళ్ళో సరిగ్గా సరిపోయింది.
తెలుగు రావడానికి మీట ఏదో
మా తోటికోడలి కూతురు చూపించింది.
దీర్ఘం కోసం, లావొత్తు కోసం వెతుక్కుంటూ
ఏడు బోట్లూ ఎక్కించాను, ఐసు, డీజిలు, వలలు.
చివరి వరసలో ఎల్లాజీ.
పక్క గడిలోకి వచ్చి వేళ్ళు ఆగిపోయాయి.
సన్నటి గీత ఒకటి
వెలుగుతోంది, ఆరుతోంది,
ఎంతమ్మా అని అడుగుతున్నట్టు.

అతని బోటు రేపు వస్తుంది.
గడి ఖాళీగా ఉంచి మూత వేశాను.
ఛార్జింగు ఇంకా నాలుగు గంటలు ఉంది.